ఉప్పుటేట్లో ఓ గోధుమరంగు బాతు

పండగ అయిపోయింది, చుట్టాలంతా వెళ్లిపోయారు, ఇవాళ తెల్లారకముందే టెక్కలి నుంచి బండి తీసి నౌపడ దాటి ఉప్పుటేటి గట్టు మీదకి చేరాను. ఇటు పక్షుల కోసం వచ్చేవాళ్లు చాలామంది తేలినీలాపురంలో చెట్ల మీద గూడబాతుల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ చూసి వెనక్కి తిరుగుతారు. గూడబాతు పేరులో బాతు ఉందిగానీ అది బాతు కాదు, పెలికాన్. నాకు చలికాలం వచ్చిందంటే ఉత్తరాది నుంచి దిగే అసలు బాతులే కావాలి.

నేను వెళ్లేసరికి ఆటు. నీళ్లు వెనక్కి పోయి బురద తేలింది, బాతులు ఎక్కడో దూరాన ఉన్నాయి. పిన్‌టెయిల్ మగవాటిని ఎంత దూరం నుంచైనా చెప్పేయొచ్చు, చాక్లెట్ రంగు తల, మెడ పక్క నుంచి పైకి పాకిన తెల్లచార, సూదిలాంటి తోక. షవెలర్లయితే గరిటెలాంటి ముక్కుతో నీళ్లని జల్లెడ పడుతూ తిరుగుతున్నాయి. వాటి మధ్య ఓ చిన్న గోధుమరంగు బాతు. పొద్దంతా దానికే సరిపోయింది.

ఆడ టీల్ బాతా, గార్గనీ బాతా? గార్గనీ మగదైతే కంటి మీద తెల్ల పట్టీ ఉండాలి, కానీ వాటికి ఆ రంగులు బాగా ఆలస్యంగా వస్తాయి, జనవరిలో కూడా కొన్ని ఆడవాటిలాగే ఉంటాయి. ముక్కు మొదట్లో తెల్లమచ్చ, మొహం మీద చారలు కనిపిస్తే గార్గనీ. ఇదేమో తల ముంచి తోక పైకెత్తి మేస్తూనే ఉంది, పైగా ఎదురెండ.

వల భుజానేసుకుని వెళ్తున్న తాత ఒకాయన ఆగి, "ఏటి బావూ, పొద్దుట్నుంచీ అక్కడే కూకున్నావు?" అన్నాడు. బైనాక్యులర్స్ ఇచ్చాను. కాసేపు చూసి, "పోటొస్తే అయ్యే ఇటొచ్చెస్తాయి, ఉండు" అని దిగిపోయాడు.

అలాగే జరిగింది. నీళ్లు ఎక్కుతూ పీతల కన్నాలు ఒక్కొక్కటే మునుగుతుంటే, ఆ అంచుతోపాటే బాతులూ గట్టు వైపు జరిగాయి. నా బాతు పక్కకి తిరిగింది. ముక్కు దగ్గర మచ్చ లేదు. తోక పక్కన గోరుతో గీసినట్టు మీగడరంగు గీత. టీల్! ఇంతలో పైన గద్ద తిరిగేసరికి అన్నీ ఒక్కసారిగా లేచాయి, నా బాతు రెక్కలో ఆకుపచ్చ పట్టీ తళుక్కుమంది, ఇంక అనుమానమే లేదు.

తాతకి చెబుదామని చూస్తే ఆయన అప్పటికే నడుంలోతు నీళ్లలో వల విసురుతున్నాడు.