స్టోనర్ రాసినాయన

ఇవాళ లంచ్ టైమంతా ‘స్టోనర్’ నవల చివరి పేజీలతోనే గడిచిపోయింది, బాక్స్ మూత కూడా తియ్యలేదు. చనిపోయే ముందు అందులోని స్టోనర్ అనే ప్రొఫెసర్ తను రాసిన ఒక్కగానొక్క పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటాడు, ఎర్ర అట్ట ఎప్పుడో వెలిసిపోయి ఉంటుంది, వేళ్లతో అలా పేజీలు తిప్పుతాడు అంతే... గొంతు పట్టేసింది.

రాసినాయన జాన్ విలియమ్స్. టెక్సాస్‌లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో మన ఇండియా, బర్మా వైపు పనిచేసి, తర్వాత ముప్పై ఏళ్లు డెన్వర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. ఈ నవల 1965లో వస్తే ఓ రెండు వేల కాపీలు అమ్ముడై ఏడాదికల్లా మార్కెట్లోంచి మాయమైంది. 1973లో ఆయన ఇంకో నవల ‘అగస్టస్’కి అమెరికాలో నేషనల్ బుక్ అవార్డ్ వచ్చింది, అదీ జాన్ బార్త్ అనే మరో రచయితతో కలిపి.

1994లో ఆయన పోయాడు. 2006లో ‘స్టోనర్’ మళ్లీ అచ్చయి, 2011లో ఫ్రెంచ్‌లోకి వెళ్లాక యూరప్‌లో జనం ఎగబడి కొన్నారు. ఆయన చూడనేలేదు కదా అని సాయంత్రం దాకా మనసు పీకుతూనే ఉంది.

స్టోనర్ నిజంగా హీరోనే, మంచి బతుకే బతికాడు అని విలియమ్సే ఓ ఇంటర్వ్యూలో అన్నాడు. చాలామంది విషాదం అంటారు గానీ నాకైతే ఆయన మాటే కరెక్ట్ అనిపిస్తోంది, ఆ మనిషికి పాఠం చెప్పడమంటే ఎంత ప్రాణమో చదివితే తెలుస్తుంది.

‘అగస్టస్’ ఆర్డర్ పెట్టేశా. మీలో ఎవరైనా చదివారా?