గ్రెయిన్‌లో పదోవంతు

బెల్లం సీజన్‌లో చిత్తూరులో మా కాటాల రిపేరు పనికి తెరిపి ఉండదు. మండీ నుంచి వచ్చిన ప్లాట్‌ఫాం కాటా ఒకటి పొద్దున్నే విప్పి పెట్టుకున్నాను. బెల్లం పొడి, తేమ కలిసి బరువును పసిగట్టే లోడ్ సెల్ పక్క సందులో గట్టిపడితే ఒక మూల సరిగా దిగదు, తూకం తేడా వస్తుంది. గోకి, తుడిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి చూడాలి. ఇది ఎప్పుడూ ఉండేదే. ఈ రోజు రాసుకోవాలనిపించింది మధ్యాహ్నం చేతికొచ్చిన చిన్న త్రాసు గురించి.

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. సెలవులకని తిరుపతిలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చాడు. కొండకు పోయి దర్శనం చేసుకుని, ఈ రోజు బస్సెక్కి నా షాపుకు వచ్చాడు. టీ తాగకముందే బ్యాగులోంచి తువ్వాల్లో చుట్టిన త్రాసు బయటికి తీసి, "మామా, దీని ముల్లు ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతా ఉంది. అక్కడ అందరూ పారేసి డిజిటల్ కొనుక్కోమంటారు. నువ్వొకసారి చూడు" అన్నాడు.

చూడగానే పనివాడి చేతిలో తయారైన వస్తువని తెలిసింది. ఒకే కడ్డీ, దాని మీద జరిపే చిన్న బరువులు, ఒక చివర పళ్లెం, ఇంకో చివర ముల్లు. గ్రాముల్లో కాదు, గ్రెయిన్లలో తూస్తుంది. ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. అందులో పదోవంతు దాకా గీతలున్నాయి. మన కంసాలులు వాడిన గురివింద గింజ సుమారు 120 మిల్లీగ్రాములు తూగుతుంది కాబట్టి అది రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. ఈ త్రాసు చూపించాల్సింది ఆ గింజలో ఇరవయ్యో వంతు లాంటిది. ఎవరో పెద్దాయన గ్యారేజీ సామాను అమ్మేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట.

వాడికి అక్కడ షూటింగ్ రేంజికి వెళ్లే అలవాటుంది. కాల్చిన తూటా ఇత్తడి గుల్లను పారేయకుండా, దాన్నే మళ్లీ నింపి వాడుకుంటారు. రీలోడింగ్ అంటారు. టెక్సాస్‌లో అది చట్టానికి లోబడిన హాబీ, సామానంతా షాపుల్లోనే దొరుకుతుంది. తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి గుల్ల, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు గుండు. ఖరీదైనదీ, మళ్లీ మళ్లీ పనికొచ్చేదీ గుల్లే.

నేను వాణ్ణి అడిగింది పనిముట్ల గురించి. పెద్ద పెద్ద ప్రెస్‌లు, మోటార్లు ఉంటాయనుకున్నాను. ఉంటాయట, కానీ లేకపోయినా నడుస్తుందట. రిచర్డ్ లీ అనే అమెరికన్ 1958లో ఇంట్లో వాడుకునే చిన్న సెట్టు ఒకటి మొదలుపెట్టాడు. తర్వాత ఆయన పేరుతో విస్కాన్సిన్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో కంపెనీ నిలబడింది. ఆ సెట్టు అరచేతిలో పట్టే డబ్బాలో వస్తుంది. ఉక్కు డై (అచ్చు), ఒకటి రెండు కడ్డీలు, మందు తీసే బుల్లి గరిటె. పైన కొట్టడానికి ఒక సుత్తి మనమే తెచ్చుకోవాలి. మా వాడు ఫోన్‌లో ఫొటో చూపించాడు. లేతు మీద నలభై ఏళ్లు పనిచేసిన మా నాన్న చూసి ఉంటే ఆ డై ఫినిషింగ్‌ను వేలితో తడిమి మెచ్చుకునేవాడు. ఒక్క పని కోసం, తక్కువ ఖర్చులో, ఎవరైనా వాడగలిగేలా చేసిన పనిముట్టంటే నాకు ఎప్పుడూ గౌరవమే.

అంత చిన్న సెట్టుతో పని జరగడానికి గుల్ల తయారీ కూడా కారణమని వాడు చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది. 1860లలో రెండు రకాల ప్రైమర్లు వచ్చాయి. ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్ చేసినదానికి గుల్ల అడుగున నడిమధ్య ఒకే రంధ్రం. అమెరికాలో హైరమ్ బర్డాన్ చేసినదానికి పక్కలకు రెండు చిన్న రంధ్రాలు. ఒకే రంధ్రముంటే వాడేసిన ప్రైమర్‌ను తీసేయడం తేలిక. అందుకే ఇళ్లలో నింపుకునే అమెరికన్లంతా ఇంగ్లండువాడి పద్ధతికే వెళ్లారు, అమెరికావాడిది యూరప్‌లో స్థిరపడింది.

ఇత్తడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆ గుల్లల ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. దాన్ని మెరిపించడానికి అమ్మోనియా ఉన్న పాలిష్ వాడకూడదట. నేను కూడా ఇత్తడి పళ్లేలు తెచ్చేవాళ్లకు అదే చెబుతాను. బ్రిటిష్ సైన్యం మన దేశంలోనే ఈ సంగతి నష్టపోయి తెలుసుకుంది. వానాకాలంలో తూటాల పెట్టెలను గుర్రపు సాలల్లో దాచేవాళ్లు. వానలు వెలిసి బయటికి తీస్తే గుల్లలు నిలువునా చీలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, గుల్లను సాగదీసి చేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుందని 1921లో గానీ తేలలేదు. బిగువు పోయేలా సన్నగా కాచి చల్లారిస్తే ఆ బాధ ఉండదు.

ఇక అసలు వాదన గరిటె దగ్గర మొదలైంది. ఆ చౌక సెట్లతో వచ్చేవి పసుపు ప్లాస్టిక్ గరిటెలు, ఇన్ని సి.సి.లని అచ్చు వేసి ఉంటాయి. మందులో ముంచి, తలకొట్టి పోయడమే. "తూకమెందుకు మామా, కొలతే సరిపోతుందంటారు కొందరు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో పడితో బియ్యం కొలిచేవాళ్లు. అమ్మ కొలిస్తే ఒక లెక్క, కొట్టువాడు కొలిస్తే ఇంకో లెక్క. పడిని నేలకు తట్టి పోస్తే గింజలు సర్దుకుని ఎక్కువ పడతాయి, పైనుంచి వదులుగా పోస్తే తక్కువ పడతాయి. బియ్యంలో ఆ తేడా వస్తే గుప్పెడు అన్నం. తుపాకీలో అయితే అలా కాదు. రైఫిల్ తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దాకా పోతుందట. కారు టైరులో మనం పట్టేది ముప్పై చిల్లర. మందు కొంచెం పెరిగితే ఒత్తిడి కొంచెమే పెరిగి ఊరుకోదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది. కాల్చేవాడి చెంప తుపాకీకి ఆనే ఉంటుంది.

వాడు అది నాకన్నా బాగా తెలిసినవాడే. గరిటెతో తీసినా త్రాసు మీద పెట్టకుండా పోయడట. మందు కంపెనీ ప్రచురించిన పట్టికలో ఉన్న కనిష్ఠం దగ్గరే మొదలుపెడతాడట. బల్ల మీద ఒకే రకం మందు డబ్బా ఉంటుంది, పక్కన టీవీ, ఫోన్ ఉండవు. పిస్తోలు మందు కొన్ని రకాలైతే ఒకే గుల్లలో పొరపాటున రెండుసార్లు పోసినా బయటికి పొర్లదు, కంటికి తెలియదు. అందుకే పోసిన గుల్లలన్నీ వరసగా నిలబెట్టి, లైటు వేసి, ఒక్కొక్క దానిలోకి చూస్తాడట. ఇదంతా వింటుంటే నా మనసు కుదుటపడింది. సెట్టు చౌకది కావచ్చు, దాన్ని పట్టుకునే చెయ్యి మాత్రం అజాగ్రత్తగా ఉండకూడదు. నేను వాడికి చెప్పదలచుకున్నదీ అదే: డబ్బు ఎక్కడైనా ఆదా చెయ్యి, త్రాసు దగ్గర మాత్రం చెయ్యొద్దు.

త్రాసును విప్పాను. కడ్డీ మధ్యలో ఉక్కు కత్తి అంచులు రెండు ఉంటాయి. అవి ఎగేటు రాతిలో చెక్కిన వి ఆకారపు గాడుల్లో కూర్చుంటాయి. కడ్డీ బరువంతా ఆ అంచు మీదే. కళ్లద్దం పెట్టుకుని చూస్తే అంచు బాగానే ఉంది, ఎక్కడా విరగలేదు. గాడిలో మాత్రం జిడ్డు పట్టి, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని ఉంది. పాత యజమాని నూనె వేసినట్టున్నాడు. తిరిగేదానికల్లా నూనె వేయాలనుకుంటారు చాలామంది. కత్తి అంచుకు నూనె వేయకూడదు, అది పొడిగానే ఉండాలి. స్పిరిటులో ముంచిన దూదిని అగ్గిపుల్లకు చుట్టి గాడులు తుడిచాను.

అయినా ముల్లు ఇంకా తడబడుతూనే ఉంది. అప్పుడు ముల్లు చివర చూశాను. అక్కడ చిన్న రాగి రేకు, దానికి అటూ ఇటూ అయస్కాంతాలు. రాగిని అయస్కాంతం పట్టుకోదు. కానీ ఆ రేకు వాటి మధ్య కదిలేటప్పుడు దానిలో కరెంటు పుట్టి కదలికను అడ్డుకుంటుంది, ముల్లు ఊగకుండా తొందరగా నిలబడుతుంది. కదలిక ఆగిపోతే ఆ అడ్డు కూడా ఉండదు కాబట్టి తూకానికి దోషం రాదు. మంచి ఏర్పాటు. ఇందులో చేరిన దోషమల్లా ఇనుప రజను. ఎవరి బల్ల మీద నుంచి లేచిందో, వెంట్రుక కన్నా సన్నటి పొడి అయస్కాంతాల మొహం మీద మీసంలా మొలిచి రేకుకు తగులుతోంది. గుడ్డతో తుడిస్తే ఆ పొడి అయస్కాంతం చుట్టూ జరుగుతుందే కానీ ఊడిరాదు. సెల్లోటేపు చిన్న ముక్క మడిచి సందులోకి దూర్చి, అద్ది అద్ది తీశాను. టేపు మీద నల్లగా వచ్చింది. మా వాడు దాన్ని ఫొటో తీసుకున్నాడు.

తర్వాత పరీక్ష. నా దగ్గర గ్రెయిన్ రాళ్లు లేవు, సీలు పడ్డ గ్రాము రాళ్లున్నాయి. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. ఐదు గ్రాముల రాయి పెడితే 77.2 దగ్గర నిలబడాలి. నిలబడింది. తీసి మళ్లీ పెట్టినా అక్కడే. చిన్న తేడాకు కదులుతుందో లేదో చూడటానికి మా నాన్న నేర్పిన పద్ధతి వాడాను. 70 జీఎస్ఎం జిరాక్స్ కాగితం చదరపు మీటరు 70 గ్రాములు కాబట్టి, సెంటీమీటరు చదరంగా కత్తిరించిన ముక్క 7 మిల్లీగ్రాములు. అంటే గ్రెయిన్‌లో పదోవంతుకు రవ్వంత ఎక్కువ. ఆ ముక్కను చిమటాతో పట్టి పళ్లెంలో వేయగానే ముల్లు ఒక గీత కదిలి ఆగింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. రోజంతా క్వింటాళ్ల లెక్కలతో ఉండేవాడికి, కాగితపు ముక్క బరువుకు ఒక కడ్డీ తల వంచడం చూడటం పండుగే.

"డిజిటల్ కన్నా ఇది నయమా?" అని అడిగాడు. డిజిటల్‌ను నేను తక్కువ చేయను, నా కూడు దాంతోనే. కానీ అది భూమి ఎంత గట్టిగా లాగుతోందో కొలిచి బరువు చెబుతుంది. ఊరు మారితే ఆ లాగుడు కొద్దిగా మారుతుంది, మళ్లీ కాలిబ్రేషన్ చేసుకోవాలి. ఇందులో అటు బరువు, ఇటు బరువు, రెండింటినీ భూమి ఒకేలా లాగుతుంది. చిత్తూరులో 77.2 అన్నది డల్లాస్‌లోనూ 77.2 అనే అంటుంది, సున్నా సరిచూసుకుంటే చాలు. ఫ్యాను మాత్రం ఆపాలి.

ఇదంతా పలమనేరు వైపు రైతొకాయన టమాటా కాటా కోసం కూర్చుని వింటున్నాడు. ఉన్నట్టుండి, "సామీ, అట్లాంటి సెట్టు తెప్పించుకుంటే మనమూ ఇంట్లో చేసుకోవచ్చా? అడవిపందులు శెనక్కాయ చేనంతా తవ్వి పారేస్తా ఉండాయి" అన్నాడు.

నేను పని ఆపి ఆయన వైపు తిరిగాను. "ఆ ఆలోచనే వద్దన్నా. ఇక్కడ ఆయుధాల చట్టముంది, 1959 నాటిది. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారుచేయకూడదు. 2019లో సవరించాక శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది." ఆయన మొహంలో ఆశ్చర్యం కనిపించింది. ఊళ్లలో నాటు తుపాకీలో మందు దట్టించడం అందరూ చూసిందే కదా అన్నాడు. చూసిందే, అందుకే చెబుతున్నాను. గుప్పిట్లో అంచనా వేసి మందు పోసేవాళ్లకు వేళ్లు పోయిన కథలు మన జిల్లాలో కొత్త కాదు. పాతకాలపు నల్ల తుపాకీ మందు లెక్కన ఆధునిక మందును పోస్తే గొట్టమే పగులుతుంది, ఆ రెండూ ఒకటి కావు. పందులకని పెట్టే నాటు బాంబులు అంతకన్నా ఘోరం. మా పిన్నమ్మ వాళ్ల ఊళ్లో మేతకు పోయిన ఆవు ఒకటి కొరికి, దవడ పోగొట్టుకుని వచ్చింది. నేను ఆ ఆవును చూశాను. అటవీ శాఖకు పంట నష్టం అర్జీ పెట్టుకోమని, చేను చుట్టూ ఏం చేయొచ్చో వాళ్లనే అడగమని చెప్పాను. ఆయన బాధ నిజం. కౌండిన్య అడవి అంచున సేద్యం చేసేవాళ్లకు పందులతో పాటు ఏనుగులు కూడా ఉన్నాయి. కానీ దానికి మందు ఇది కాదు.

మా వాడూ నాకు వంత పాడాడు. అక్కడ సరదాగా నింపుకునేవాడు ఇక్కడికి ఒక్క ఖాళీ గుల్లను కూడా తేలేదు. ఎయిర్‌పోర్టులో అనవసరపు చిక్కులెందుకని ఫొటోలతోనే చూపించాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

సాయంత్రం త్రాసు సర్ది ఇచ్చాను. కడ్డీని ఎగేటు గాడుల మీదే ఉంచి ప్రయాణం చేయిస్తే కుదుపులకు అంచు విరుగుతుంది. అందుకని కడ్డీ వేరుగా, పీఠం వేరుగా గుడ్డలో చుట్టాను. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. నా దగ్గరున్న ఐదు గ్రాముల రాయి ఒకటి చిన్న డబ్బాలో పెట్టి, మూత మీద 77.2 అని రాసిచ్చాను. చేత్తో ముట్టుకోవద్దని, చిమటాతోనే తీయాలని చెప్పాను. చెమట తగిలితే రాయి బరువు మారుతుంది. ఇల్లు చేరాక మందు సంగతి తర్వాత, ముందు ఈ రాయి పెట్టి ఫొటో పంపమన్నాను. అంకె కలవకపోతే వీడియో కాల్‌లో పెట్టమన్నాను, ఇద్దరం కలిసి చూద్దామని.