గియోన్‌లో మియాకో ఒదోరి

"వదినా, ఏప్రిల్‌లో వస్తేనే క్యోటోలో ఏటా జరిగే మియాకో ఒదోరి నాట్య ప్రదర్శన చూస్తాం. ఆ నెల దాటితే మళ్లీ ఏడాది ఆగాలి" అని ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా మరిది పట్టుబట్టి టికెట్లు తీశాడు. నా మనసంతా చెర్రీ పూల మీదే ఉంది. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నదాన్ని గనక, సరేలే, అదీ చూద్దామని బయల్దేరాను.

విందుల్లో ఆటపాటలతో అతిథులను అలరించే కళాకారిణులు గేషాలు. క్యోటోలో వాళ్లను గేకోలు అంటారు, ఇంకా శిక్షణలో ఉన్న అమ్మాయిలను మైకోలు అంటారు. వాళ్లుండే పేటలు అయిదు: గియోన్ కోబు, గియోన్ హిగాషి, పొంతోచో, మియాగవాచో, కమిషిచికెన్. మేం వెళ్లింది గియోన్ కోబుకి. అక్కడి ప్రధాన వీధి హనమికోజి. మొదట్లోనే ఎర్ర గోడలతో ఇచిరికి అనే పాత ఒచాయా కనిపిస్తుంది. ఒచాయా అంటే విందులు జరిగే ఇల్లు. డబ్బుంది కదా అని తలుపు తడితే తియ్యరు, పాత అతిథి ఎవరైనా వెంట తీసుకెళ్లాలి. బిల్లు కూడా అక్కడికక్కడ ఇవ్వరు, తర్వాత ఇంటికి పంపుతారు. అంతా నమ్మకం మీద నడిచే వ్యవహారం. మనలాంటి వాళ్లకు బయటి గోడ దర్శనమే.

పక్క సందుల్లో బోర్డులు ఉన్నాయి: ప్రైవేటు దారి, ఫొటోలు తియ్యకూడదు, తీస్తే 10,000 యెన్ల జరిమానా. ఎందుకు పెట్టారో అయిదు నిమిషాల్లోనే అర్థమైంది. ఓ మైకో మలుపు తిరగగానే పదిమంది ఫోన్లు ఎత్తి వెంటపడ్డారు. ఆ అమ్మాయి తల తిప్పకుండా చకచకా వెళ్లిపోయింది. "డ్యూటీకి వెళ్తోంది వదినా, మన ఆఫీసు దారిలో ఇలా వెంటపడితే ఊరుకుంటామా?" అన్నాడు మరిది. పగటిపూట మైకో వేషంలో నింపాదిగా నిలబడి ఫొటోలు దిగేవాళ్లలో చాలామంది డబ్బిచ్చి మేకప్ వేయించుకున్న టూరిస్టులే.

అసలు మైకోని చూస్తే ఆమె ఎంత కొత్తదో కూడా చెప్పెయ్యొచ్చట. మొదటి ఏడాది కింది పెదవికి మాత్రమే రంగు వేస్తారు. మెడపట్టీ ఎర్రగా ఉంటుంది, గేకో అయ్యే రోజున దాన్ని తెల్లదానికి మారుస్తారు. వీపు మీద నుంచి చీలమండల దాకా వేలాడే ఒబీ, అంటే నడికట్టు, పొడవు అయిదు మీటర్ల పైమాటే, దాని చివర ఆమె ఉండే ఇంటి (ఒకియా) ముద్ర ఉంటుంది. తలలోని పూలు నెలనెలా మారతాయి: ఫిబ్రవరిలో ప్లమ్, ఏప్రిల్‌లో చెర్రీ, మేలో విస్టీరియా. మైకో జుట్టు సొంతదే, అది చెదరకుండా రాత్రిళ్లు ఎత్తు దిండు మీద మెడ ఆనించి పడుకుంటుంది. గేకో అయ్యాక విగ్గు పెట్టుకుంటుంది. హమ్మయ్య అనుకుంటుందేమో!

ప్రదర్శనకు ముందు ఒక గేకో బల్ల దగ్గర కూర్చుని మచ్చా అనే ఆకుపచ్చ టీ పొడి కలుపుతుంటే అందరికీ టీతో పాటు తీపి ఇచ్చారు. దాన్ని పెట్టిన చిన్న ప్లేటు మనదే, ఇంటికి తెచ్చుకోవచ్చు.

"మియాకో ఒదోరి వా" అని కేక. "యోయి యాసా" అంటూ రెండు పక్కల దారుల నుంచి నీలం కిమోనోల వరస లోపలికి వచ్చింది. సుమారు గంట ఆట, మధ్యలో తెర దించరు, సెట్లు కళ్లముందే మారిపోతాయి. ఋతువులన్నీ తిరిగి చివరికి చెర్రీ పూల దృశ్యం దగ్గర ఆగుతాయి.

నాకు మొదటి పావుగంట ఏమీ ఎక్కలేదు. మన దగ్గర కన్ను, కనుబొమ్మ, పెదవి అన్నీ కథ చెబుతాయి. ఇక్కడ ముఖాలు కదలవు. గియోన్ కోబులో నేర్పేది ఇనోఉఏ సంప్రదాయం ఒక్కటే, అందులో 'నో' అనే పాత జపాన్ నాటకం, చెక్కబొమ్మలతో ఆడించే బున్‌రాకు ప్రభావం ఉంది. మోకాళ్లు వంచి నడుము కిందికి దించి, శరీరాన్ని బిగబట్టి చేస్తారు. ముఖం కోసం వెతకడం మానేసి విసనకర్రల మీద దృష్టి పెట్టాక దారి దొరికింది. ఎంత నిదానంగా తిప్పినా ముప్ఫై చేతులు ఒకే క్షణంలో ఆగుతున్నాయి. అంత బిగువు నేను ఏ అరంగేట్రంలోనూ చూడలేదు.

రాజధాని టోక్యోకి తరలిపోయి క్యోటో వెలవెలబోతున్నప్పుడు, 1872లో ఎగ్జిబిషన్‌తో పాటు ఈ ఒదోరి మొదలుపెట్టారు. అప్పులో కట్టుబడిన గేషాలను విడిపించే ఆజ్ఞ వచ్చిందీ ఆ ఏడాదే. మన గోదావరి జిల్లాల కలావంతులు గుర్తొచ్చారు. క్షేత్రయ్య పదాలకు అభినయం పట్టిన ఆ స్త్రీలు సంస్కరణ ఉద్యమంతో, 1947 మద్రాసు దేవదాసీ చట్టంతో మేజువాణీలకు దూరమయ్యారు. సంస్కరణ అక్కర్లేదని అనను, ఆడపిల్లల బతుకులు అలా ఉండేవి మరి. కానీ నాట్యం మాత్రం వేరే ఇళ్ల అమ్మాయిల చేతికి పోయింది. గియోన్‌లో అది ఆ పేట స్త్రీల చేతుల్లోనే ఉండిపోయింది. అలాగని అక్కడ అంతా బాగుందనీ కాదు. మైనరుగా ఉండగానే విందుల్లో తాగాల్సి వచ్చిందని ఒక మాజీ మైకో 2022లో బయటపెట్టినప్పుడు జపాన్‌లో పెద్ద చర్చే జరిగింది.

మర్నాడు కమిషిచికెన్ వెళ్లాం. కితానో తెన్‌మాంగూ గుడి పక్కనే ఉంటుంది, అయిదింటిలో అదే పాతది. గియోన్ జనంలో పదో వంతు లేరు. అక్కడి నాట్యశాల ఆవరణలో వేసవిలో బీర్ గార్డెన్ పెడతారట. యుకాతాలు (వేసవి నూలు కిమోనోలు) కట్టుకున్న గేకోలు, మైకోలు టేబుళ్ల మధ్య తిరుగుతూ అందరితో మాట్లాడతారు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. మీ దగ్గర టికెట్ లేకపోతే, ఏప్రిల్ దాటిపోతే, అదే మంచి దారి. మా మరిది అప్పుడే ఫోన్‌లో జులై తేదీలు చూడ్డం మొదలుపెట్టాడు. "అన్నయ్యని కూడా తీసుకురా వదినా, నాట్యం అంటే రాడు గానీ బీరంటే వస్తాడు" అన్నాడు.