పోలండ్ వాళ్ళు, అమెరికా

రెండో ప్రపంచ యుద్ధంలో ప్రపంచాన్ని కాపాడింది మేమే అని అమెరికా వాళ్ళు చాలామంది సీరియస్‌గానే నమ్ముతారు కదా, వార్సాలో మా ఆఫీసులో ఆ టాపిక్ వస్తే చాలు మా పోలిష్ కొలీగ్ నవ్వేసి "యాల్టా" అంటాడు, అంతే. 1945లో ఆ యాల్టా ఊళ్ళో జరిగిన సమావేశంలో రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసి తమ దేశాన్ని స్టాలిన్ చేతిలో పెట్టేశారని వీళ్ళ బాధ, కమ్యూనిస్టు పాలన పోయిన 1989 దాకా ఆ యుద్ధం అయిపోలేదన్నట్టే మాట్లాడతారు. అసలు అమెరికా స్వాతంత్ర్యం కోసం మా పోలిష్ సేనాని పులాస్కీ 1779లో అక్కడి సవానా దగ్గర ప్రాణం ఇచ్చాడు, అది వాళ్ళకి గుర్తుందా అని ఇంకో పాయింటు.

పోనీ కోపమా అంటే అదీ కాదు! అమెరికన్ ఎంబసీ ఎదురుగానే అమెరికా మాజీ అధ్యక్షుడు రీగన్ విగ్రహం పెట్టుకున్నారు, 1999లో నాటోలో చేరారు, 2003లో ఇరాక్‌కి సైన్యాన్ని కూడా పంపారు, ఇంత చేసినా వీసా లేకుండా అమెరికా వెళ్ళాలంటే 2019 దాకా ఆగాల్సొచ్చింది (వీసా నొప్పి మనకి కొత్తగా చెప్పాలా 😅).

ఇప్పుడు పక్కనే ఉక్రెయిన్ యుద్ధం, అందుకే అమెరికా అబ్రామ్స్ ట్యాంకులు కొంటున్నారు. దక్షిణ కొరియా ట్యాంకులు కూడా కొనడమే మంచిదైందంటాడు మావాడు, వాషింగ్టన్‌లో రేపు ఎవరొస్తారో ఏమంటారో అని.