అరువా దారిలో

ఉగాండా రాజధాని కంపాలాలో మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు అందరూ జింజా చూసి రమ్మన్నారు. నేను మాత్రం పశ్చిమ నైలు ప్రాంతంలోని అరువా అనే ఊరి బస్సెక్కాను. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసిన నాకు, బర్కిట్ లింఫోమా అనే పిల్లల క్యాన్సర్ ఎక్కువగా కనిపించే ఆ పశ్చిమ నైలు ప్రాంతాన్ని కళ్లారా చూడాలని ఎప్పటినుంచో కోరిక.

కరుమా దగ్గర నైలు నురగలు కక్కుతూ దూకుతుంది. పాక్వాచ్ వంతెన దాటాక గాలే మారిపోయింది. ఉక్కపోత, మామిడి చెట్లు, గడ్డి కప్పుల ఇళ్లు. పాడేరు వైపు పనిచేసినప్పుడు చూసిన మలేరియా సీజన్ గుర్తొచ్చింది. ఇక్కడ మాత్రం ఏడాది పొడవునా అదే సీజన్.

1957లో కంపాలా ములాగో ఆస్పత్రిలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ దవడలు రెండు వైపులా ఉబ్బిన ఓ పిల్లవాణ్ని చూశారు. 1961లో ఇద్దరు మిత్రులతో కలిసి కారులో దాదాపు 10,000 మైళ్లు తిరిగి, ఈ కణితి ఎక్కడుందో, ఎక్కడ లేదో ఊరూరా అడిగారు. వేడి, వాన ఉన్న పల్లపు ప్రాంతాల్లో ఉంది. కబాలె లాంటి చల్లని కొండల్లో దాదాపు లేదు. మలేరియా మ్యాప్ కూడా అచ్చంగా అంతే! ఆ మిత్రుల్లో ఒకరైన టెడ్ విలియమ్స్ పనిచేసిన కులువా ఆస్పత్రి అరువా దగ్గరే ఉంది. నేను వెళ్లింది అక్కడికే.

1964లో ఈ కణితి కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ దొరికింది. కానీ ఆ వైరస్ ప్రపంచంలో దాదాపు అందరి ఒంట్లోనూ ఉంటుంది. మరి ఈ పిల్లలకే ఎందుకు? మలేరియా పదే పదే వస్తుంటే ఒంట్లో రోగాలతో పోరాడే బి-కణాలు ఆగకుండా విభజన చెందుతాయి. ఆ హడావుడిలో, కణాల పెరుగుదలను నడిపే ఎమ్‌వైసీ అనే జన్యువు చోటు మారి, క్యాన్సర్ మొదలవ్వచ్చు. వైరస్‌ను అదుపులో పెట్టాల్సిన టి-కణాలనే మరో రకం రక్షణ కణాలూ బలహీనపడతాయి. మలేరియా వచ్చిన ప్రతి బిడ్డకూ క్యాన్సర్ రాదు, చాలా కొద్దిమందికే వస్తుంది. తల్లులకు ఈ మాట తప్పకుండా చెప్పాలి.

"పంటి నొప్పి అనుకుని ముందు పళ్లు పీకించేస్తారు సిస్టర్," అంది నాకు ఆస్పత్రి చూపించిన నర్సు. ఈ కణితి ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. తొందరగా వస్తే, క్యాన్సర్ మందైన సైక్లోఫాస్ఫమైడ్‌తో రోజుల్లోనే కరిగిపోవడం చూడొచ్చు. వాపు తగ్గగానే నయమైందనుకుని, బస్సు ఛార్జీలకు డబ్బుల్లేక, చాలామంది మిగతా డోసులకు రారట.

2025 నుంచి ఉగాండాలో పసిపిల్లలకు మలేరియా టీకా ఇస్తున్నారు. మన పుణెలో తయారయ్యే ఆర్21. ఆ సంగతి ఆమెతో అంటే, "మంచిదే, కానీ ఇప్పుడు వాపుతో ఉన్న పిల్లలకి ముందు బస్సు డబ్బులు కావాలి" అంది.