సముద్రం పురుగుల చదువు

పన్నెండు దాటింది. ఈయన గురక ఒకపక్క, మామ మాట ఒకపక్క. ఇంక నిద్రేం పడుతుంది?

ప్రొద్దుటూరులో పుట్టెంట్రుకల ఫంక్షన్. బంతిలో నా పక్కనే కూర్చున్నాడు మామ. "ఏం మా, పెద్దపాప ఏం చదవతాంది?" అన్నాడు. మెరైన్ బయాలజీ అన్నాను. అంటే ఏంది అన్నాడు. ఆలుచిప్పలు, జెల్లీ చేపలు, పీతలు, ఇట్లా వెన్నెముక లేని సముద్ర జీవుల గురించి అన్నాను. "సముద్రం పురుగులా! కడపలో పుట్టి సముద్రం పురుగులు చదివితే ఉద్యోగం యాడొస్తాది మా?" బంతంతా నవ్వింది. ఆ మాటంటూ ఆయన మళ్ళీ వేయించుకుంటున్నది రొయ్యల వేపుడు. రొయ్యకు మాత్రం వెన్నెముక ఉందా? ఈ జవాబు నాకు ఎర్రగుంట్ల దాటాక, కారులో తట్టింది. తట్టి ఏం లాభం.

అప్పట్నుంచి మనసులో మామకు జవాబులు చెబుతూనే ఉన్నా. మామా, మన రాష్ట్రం అంచున పులికాట్ సరస్సు ఉంది కదా. ఆ చుట్టుపక్కల, ఎన్నూరు వైపు, అమెరికా ఖండం నుంచి వచ్చిన ఒక రకం ఆలుచిప్ప బురద మీద తివాచీలా పరుచుకుపోతోంది. రొయ్య దాక్కునేది ఆ బురదలోనే. అది మూసుకుపోతే నీ వేపుడులోకి ఏం వస్తాది? మరి అంత దూరం నుంచి ఎట్లా వచ్చిందంటావా, ఖాళీ ఓడ ఊగకుండా అడుగు ట్యాంకుల్లో సముద్రపు నీళ్ళు నింపుకుంటుంది, సరుకెక్కించుకునే రేవులో వదిలేస్తుంది. ఆ నీళ్ళతోపాటు కంటికి కనపడని పిల్ల జీవులూ దిగుతాయి. ఆ నీళ్ళు శుభ్రం చేశాకే వదలాలని ప్రపంచ దేశాలు 2004లో ఒప్పందం రాసుకుంటే, అది అమల్లోకి వచ్చేసరికి 2017 అయింది.

ఇవన్నీ నేను చదివినవి కావు. పెద్దది ఫోన్లో చెప్పి చెప్పి నా బుర్రలో నింపినవి.

దాన్ని విశాఖలో దింపడానికి పోయినప్పుడు, కైలాసగిరి చూపిస్తుందనుకుంటే నేరుగా ఫిషింగ్ హార్బర్‌కు తీసుకుపోయింది. ఆ వాసనకు ఈయన ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని బయటే నిలబడిపోయాడు. ఇది మాత్రం ఎవరో పడవతన్ని "అన్నా, ఆ తాడు కొంచెం పైకి లాగుతారా" అని అడిగింది. ఇంట్లో సింకు కడగమంటే మొహం చిట్లించే పిల్ల, ఆ జిగురు తాడును రెండు చేతులా పట్టుకుంది. దానికి గుత్తులు గుత్తులుగా చిన్న చిప్పలు, ఒక్కొక్కటి ఒలవని చెనిక్కాయంత ఉంటుందేమో. "ఇవి మన పిల్లలు కావమ్మా, కరీబియన్ వైపు నుంచి వచ్చినవి. 1967లో మొదట కనిపించింది ఈ వైజాగ్ రేవులోనే" అంది. ఓడలకు, పడవలకు అడుగున పట్టి బరువెక్కిస్తాయంట, డీజిల్ ఎక్కువ తాగుతుందంట. పడవతను వింటూ తలూపాడు. "పేరు తెలీదు గానీ గీకడం మాత్రం మాకు తప్పదండి" అన్నాడు. ఇద్దరూ ఆ తాడు పట్టుకుని అరగంట మాట్లాడుకున్నారు. నేను ఎండలో, చెప్పులకు చేప పొలుసులతో. తిరుగు రైల్లో ఈయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇదే చిప్ప 1999లో ఆస్ట్రేలియాలో డార్విన్ ఊరి పడవల రేవుల్లో కనిపిస్తే, వాళ్ళు రేవులు మూసేసి నీళ్ళలో బ్లీచు, మైలుతుత్తం పోశారంట. మన రైతులు చీనీ తోటలకు వాడే మైలుతుత్తమే. ఆ చిప్పతోపాటు అక్కడున్నవన్నీ చచ్చిపోయాయి, పీడ మాత్రం వదిలింది. ఆ మాట విన్నప్పుడు భలే చేశారనుకున్నా. ఇప్పుడు, ఈ రాత్రి, ఎందుకో అంత భలేగా లేదు. ఓడ ఎక్కించింది మనుషులు, విషం తాగింది చిప్పలు.

అసలు మామ మీద నాకెందుకింత కోపం? ఉద్యోగం యాడొస్తాదని నేను అడగలేదా? అడ్మిషన్ కాగితం చూసిన రోజు ఇదే వంటింట్లో, ఇంతకన్నా గట్టిగానే అడిగాను. బి.ఇడి. చెయ్యవే, ఇక్కడే ఏదో బడిలో చేరొచ్చు అని కూడా అన్నా. తల్లిని, నేనడగొచ్చు. ఆయన నలుగురిలో నవ్వులాటగా అడిగాడు, అదీ తేడా. లేదు, పూర్తిగా అదీ కాదు. నా దగ్గర ఇప్పటికీ జవాబు లేని ప్రశ్న అడిగాడు. అదే గుచ్చుకుంది.

రాత్రి భోంచేసేటప్పుడు ఫోన్ చేసి దానికి జరిగింది చెప్పా. అది నవ్వేసింది. "తాతకు చంద్రయాన్ ఇష్టం కదమ్మా, దాని పేరే పెట్టిన జీవి ఉందని చెప్పు" అంది. తమిళనాడులో మండపం దగ్గర ఇసుకలో దొరికిన, నీటి ఎలుగుబంటి అనే బుల్లి జీవి, 2023లో బయటపడిన కొత్త జాతి, పొడవు 0.15 మిల్లీమీటర్లు, పేరు బటిల్లిపెస్ చంద్రయాని. చెబుతా గానీ, మామ ఊరుకుంటాడా? "కంటికి కనపడని దానికి జీతం కూడా కనపడదు మా" అంటాడు. ఆయన నోటికి నేనే డైలాగులు రాసిస్తున్నా, చూడండి.

తర్వాత అదే, "నీ మంచం కింద ఉన్న కడప బండ కూడా ఒకప్పుడు సముద్రం అడుగేనమ్మా" అంది. మరి గవ్వలేవే అంటే, అప్పటికింకా గవ్వలున్న జీవులే పుట్టలేదంట. వేంపల్లె దగ్గర రాళ్ళలో కనిపించే పొరలు కూడా సూక్ష్మజీవులు కట్టినవేనంట. కడపకూ సముద్రానికీ ఏం సంబంధం అన్నారు కదా, ఆ బంతిలోని వాళ్ళందరి ఇళ్ళలోనూ ఇదే బండ.

ఫోన్ పెట్టేసే ముందు "అమ్మా, పీహెచ్‌డీ గురించి ఆలోచిస్తున్నా" అంది, చాలా మామూలుగా. ఈయనకు ఇంకా చెప్పలేదు. పొద్దున ఉగ్గాని పెట్టాక చెప్పాలి, తినేముందైతే ఉగ్గాని వేస్టు.