యోగాలో దేవుడు అగుపించాడా అంటే

మా అత్త ఒకసారి అడిగింది, "ఏటే, ఇన్నేళ్లయి పొద్దున్నే లేసి కాళ్లు పైకెట్టుకుంటన్నావు, దేవుడేటన్నా అగుపించాడేటి?" అని. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను నవ్వేసి వంటింట్లోకి వెళ్లిపోయాను కానీ ఆ మాట మాత్రం బుర్రలోంచి పోలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

అసలు నేను దేవుడి కోసం వెళ్లలేదండీ, నడుం నొప్పి కోసం వెళ్లాను. 2011లో, కుట్టు మిషన్ మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసి కింద పడ్డ సూది కూడా తీయలేకపోయేదాన్ని. శ్రీకాకుళంలో మా వీధి చివర ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు వాళ్ల డాబా మీద నలుగురికి యోగా నేర్పేవారు, అక్కడ చేరాను. నాలుగు నెలలకి నొప్పి తగ్గింది. తగ్గాక మానేస్తాం కదా ఎవరైనా, నేను మానలేదు, ఎందుకంటే అప్పటికి పొగరు పట్టింది. రథసప్తమికి ఊరంతా అరసవల్లి సూర్యుడి గుడిలో క్యూలో ఉంటే నేను డాబా మీద 108 సూర్య నమస్కారాలు చేసి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టేదాన్ని. మార్చిలో కొన్ని రోజులు, అక్టోబర్‌లో కొన్ని రోజులు పొద్దుటి ఎండ గుడి లోపలికంటా వచ్చి మూలవిరాట్టు పాదాల మీద పడుతుంది, సూర్యుడికే లేని పబ్లిసిటీ నాకెందుకో!

మాస్టారు స్టేటస్ చూశారు, ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం యోగసూత్రాలు రాసిన పతంజలి సూత్రం ఒకటి చెప్పారు, అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం చెయ్యాలి, మధ్యలో ఆపకుండా చెయ్యాలి, సత్కారంతో చెయ్యాలి అని. మొదటి రెండూ నాకున్నాయి అనుకున్నాను. సత్కారం అంటే నాకు తెలిసింది శాలువా కప్పి దండెయ్యడమే, అదే అడిగాను, ఆయన పడీపడీ నవ్వారు. "ఇంటికి చుట్టమొస్తే ఎలా కూర్చోబెడతావమ్మా, ఊపిరిని అలా చూడు" అన్నారు. ఆయనే చెప్పారు, 190 పైచిలుకు యోగసూత్రాల్లో ఆసనాల గురించి ఉన్నవి మూడేనట. నేనేమో ఆ మూడింట్లోనే కాపురం పెట్టేశాను!

ఐదో ఏడో ఆరో ఏడో, భ్రామరి, అదే తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే ప్రాణాయామం, చేసి కళ్లు మూసుకు కూర్చుంటే కనుబొమల మధ్య నీలం రంగు వెలుగు కనిపించడం మొదలైంది. ఇంకేముంది, వచ్చేసింది అనుకుని పరిగెత్తుకెళ్లి చెప్పాను. మాస్టారు నిదానంగా "బీపీ చూపించుకున్నావా?" అన్నారు. రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. తర్వాత ఆయనే యోగసూత్రాల్లో మూడో పాదం, అంటే మూడో భాగం, తీసి చూపించారు, సిద్ధులే, అంటే యోగంలో వచ్చే శక్తులే, మనసు పూర్తిగా నిలిచిపోయే సమాధికి అడ్డం అని పతంజలే రాశాడు, ఇంక నీ నీలం రంగు ఎంత అని. బీపీ నార్మలే వచ్చింది, వెలుగు కూడా కొన్నాళ్లకి తనే పోయింది, నిజం చెప్పాలంటే కొంచెం బాధేసింది.

మామయ్య పోయిన ఏడాది శ్రీకూర్మం వెళ్లాం. లోపల పంతులుగారు ఆయన పేరున కర్మలు చేయిస్తుంటే నేను తాబేళ్ల దగ్గర నిలబడ్డాను, అక్కడ నక్షత్ర తాబేళ్లు ఉంటాయి కదా. ఒకటి తోటకూర ఆకు నములుతోంది. ఎవరి గుంటడో వచ్చి డిప్ప మీద టకటకా కొట్టాడు. సగం ఆకు బయట వేలాడుతుండగానే తల లోపలికి లాగేసుకుంది, కాళ్లు కూడా. గింజుకోవడం లేదు, కంగారు లేదు. ఐదు నిమిషాలు చూశాను. ముందు ముక్కు వచ్చింది, తర్వాత ముడతల మెడ, చూస్తే అదే ఆకు ఇంకా నములుతోంది!

గీత రెండో అధ్యాయంలో ఇంద్రియాల గురించి తాబేలు పోలిక ఉంటుంది, 58వ శ్లోకం, మాస్టారు డాబా మీద ఎన్నిసార్లు చదివారో. నేను మాత్రం ప్రత్యాహారం, అదే ఇంద్రియాల్ని లోపలికి తిప్పుకోవడం, అంటే కళ్లు బిగించి, పళ్లు బిగించి, పక్కింటి టీవీని తిట్టుకుంటూ కూర్చోవడం అనుకుని ఏళ్లు గడిపాను. ఆ తాబేలు మాత్రం లోపలికెళ్లి తన ఆకు తను నమిలింది.

ఇన్నేళ్లలో నాకు దొరికింది చెప్పమంటే చాలా చిన్నది. కోపం వచ్చే ముందు ఊపిరి ఆగుతుంది, అది ఇప్పుడు నాకు తెలుస్తోంది, అంతే. కోపం పోయిందా అంటే పోలేదు, మా ఆయన్ని అడగండి చెప్తాడు.

పోయినేడు అత్తకి పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. మొన్న తెల్లారగట్ల నాలుగున్నరకి చాప పరిచానో లేదో పిలిచింది. వెళ్తే దుప్పటి, పరుపు అంతా తడిసి ఉంది, అంతకు గంట ముందే మార్చాను. నా దవడ బిగుసుకుంది, ఊపిరి ఆగింది, ఆగిందని తెలిసింది. గుమ్మం దగ్గరే కాసేపు నిలబడి ఆ ఊపిరి వదిలి, వెళ్లి దుప్పటి లాగాను.

"ఇయ్యాల నీ యోగా పోనాదేటే?" అంది.

"పోతే పోయిందిలే అత్తా, ముందు ఆ కుడి కాలు ఎత్తు."